అరచేతితో విన్న ఇంజను

రేవు పక్కన రేకుల షెడ్డులో పడవల ఇంజన్లు బాగుచేసే ఆవిడను అందరూ డీజిలక్క అనేవారు. పడవ ఇంకా దూరాన ఉండగానే, చప్పుడు విని ఇంజన్లో ఎక్కడ తేడా చేసిందో చెప్పేసేది. నలభై రెండో ఏట పట్టిన జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ ఆవిడ రెండు చెవులూ పట్టుకుపోయింది.

పడవల యజమాని మంచివాడే. ఇకనుంచి స్టోరులో సామాన్లు చూసుకోమని, జీతం తగ్గించనని కాగితం మీద రాసి చూపించాడు.

"ఆరు నెలలు టైమివ్వండి. అప్పటికీ చేతకాకపోతే స్టోరులోనే కూర్చుంటాను" అందావిడ.

మర్నాటి నుంచి, బట్టలు కుట్టుకునే చెల్లెల్ని రోజూ ఓ గంట వెంటేసుకెళ్లేది. ఒక పాత ఇంజను నడుస్తుండగా అక్క అటు తిరిగి నిలబడేది. చెల్లెలు ఏదో ఒక సిలిండరుకు డీజిల్ పైపు నట్టు వదులు చేసి, దానికి డీజిల్ అందకుండా చేసేది. అక్క ఒక్కో సిలిండరు మీదా అరచెయ్యి పెట్టి, పొడవాటి స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడి దవడకు నొక్కుకుని, చచ్చిన సిలిండరు ఏదో కనిపెట్టాలి. నెలంతా తప్పులే. దవడ కమిలిపోయింది. చెల్లెలికి విసుగొచ్చి, పిస్టన్లూ వాల్వులూ లేని కరెంటు మోటార్ల పని నేర్చుకోవచ్చుగా అని పలక మీద రాసింది.

"మోటారు ఉత్తినే గిర్రున తిరుగుతుందే. విమానం టర్బైనూ అంతే, మంట ఆగకుండా మండుతూనే ఉంటుంది. ఇదలా కాదు. పిస్టను గాలి పీలుస్తుంది, నొక్కుతుంది, మంట అంటుకోగానే కిందికి దూకుతుంది, మళ్లీ పైకొచ్చి పొగ నెట్టేస్తుంది. వంతు రాగానే ఒక్కో సిలిండరూ ఒక దెబ్బ వేస్తుంది. ఆ దెబ్బ నా చేతికి తెలిస్తే చాలు."

ఐదో నెలలో పెద్ద పడవ బరువు లాగలేక మొరాయించింది. వేరే మెకానిక్కులిద్దరు ఫిల్టర్లు మార్చారు, పంపు మార్చారు. లాభం లేకపోయింది. ఎవరూ పిలవకుండానే డీజిలక్క పడవలోకి దిగి, ఆరు సిలిండర్లూ రెండుసార్లు తడిమి చూసింది.

"మూడోది. నొక్కిన గాలి నిలవట్లేదు. వాల్వు కాలిపోయుంటుంది, పైనున్న హెడ్డు విప్పండి."

చెవుడున్న మనిషి మాట మీద అంత పని పెట్టుకుంటామా అని ఒకడు సణిగాడు. యజమాని విప్పమన్నాడు. మూడో సిలిండరు వాల్వు అంచు ఎలుక కొరికినట్టుంది.

ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఆవిడే హెడ్ మెకానిక్కు. చివరికి రేవులోకి రెండు కరెంటు పడవలొచ్చాయి. డీజిలక్క ఆ వారమే కరెంటు కొలిచే మీటరు ఒకటి కొనుక్కుంది. మోటారు మీద చెయ్యి వేసి, అరిగిన బేరింగు ఎలా వణుకుతుందో ఓపిగ్గా నేర్చుకోవడం మొదలుపెట్టింది.