కాదనడానికో పిన్ని

తగాదా పిన్నికి ఉన్నది ఒకటే అలవాటు. తగాదా. కొందరికి పొద్దున్నే కాఫీ పడకపోతే తలనొప్పి వస్తుంది. ఆవిడకి ఎవరితోనూ మాటామాటా రాకపోతే వచ్చేది. మనిషి దొరికితే మనిషితో, దొరక్కపోతే వస్తువుతో. "మూడో అంతస్తు నొక్కితే రెండులో ఆగుతావేం? చెవుడు నీకా, నాకా?" అని ఆసుపత్రి లిఫ్టుని నిలదీస్తుంటే, లోపలున్న వాళ్ళు మెట్లెక్కడమే మేలనుకుని దిగిపోయేవారు. అక్కడి గోడ గడియారం తొందరపడుతోందని దానితో గొడవ. వాన పడొచ్చన్న ఆసుపత్రి రేడియోతో గొడవ. "పడొచ్చు అంటే ఏమిటయ్యా? పడుతుందా, పడదా, ఒక మాట మీద ఉండు!"

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఊరందరికీ "దయచేసి లైన్లో ఉండండి" అని తేనె పూసి చెప్పిన గొంతు అది. "ఉన్న తీపంతా అక్కడే అయిపోయింది. ఇప్పుడు మిగిలింది కారమే" అని తనే చెప్పుకునేది.

ఆ కారమంతా ఆవిడ చల్లేది ఆసుపత్రిలో కాన్సరు మందు ఎక్కించే పగటి వార్డులో. పొద్దున వచ్చి, వాలుకుర్చీలో కూర్చుని, స్టాండుకి వేలాడే సంచిలోంచి చుక్క చుక్కగా మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇంటికెళ్ళే చోటు. పిన్నీ అందరిలాగే అక్కడ రోగి. జుట్టు రాలిన తల మీద ఊదారంగు ఊలు టోపీ, చేతికి సూది, నోటికి మాత్రం సెలవు లేదు.

ఒకరోజు ఆ వార్డుకి కొత్తగా ఒకామె వచ్చింది, వృత్తికి టైలరు. రొమ్ములో గడ్డ తీసేశారు, ఇక మందు ఎక్కించాలన్నారు. కూర్చోబోతుంటే పక్క కుర్చీలోంచి వినిపించింది.

"అక్కడ కూర్చోకు. ఆ కుర్చీ కిర్రుమంటుంది."

"సిస్టరు ఇక్కడే కూర్చోమన్నారండీ."

"సిస్టరుకేం తెలుసు? ఆవిడెప్పుడైనా కూర్చుందా? కిర్రుమంటుందంటే కిర్రుమంటుంది."

టైలరు కూర్చుంది. కుర్చీ కిక్కురుమనలేదు. "ఏదండీ చప్పుడు?"

"అటు వంగి చూడు."

వంగింది. "లేదు కదండీ!"

"ఇటు?"

"ఇటూ లేదు! మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే ఎలాగండీ?" అని టైలరు గట్టిగానే అనేసింది. అని, తన గొంతు విని తనే ఆశ్చర్యపోయింది. ఇంత గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడుంది? ఈలోగా సిస్టరు సూది గుచ్చడం, ప్లాస్టరు అంటించడం కూడా అయిపోయాయి.

"సరేలే, ఇవాళ దానికి మూడ్ బాగున్నట్టుంది" అని పిన్ని మూతి తిప్పుకుంది.

*

గొంతు ఎక్కడుందో టైలరుకి తెలుసు. ఇంట్లో దాని అవసరం పోయింది.

ఆమె భర్త వడ్రంగి. చెక్కని చిత్రిక పట్టినట్టే భార్య చెప్పే ప్రతి మాటనీ చిత్రిక పట్టేవాడు. ఆమె తలుపు వెయ్యమంటే తియ్యాలనేవాడు. ఆమె దుప్పటి మందం అంటే పల్చన అనేవాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ వాళ్ళింట్లో ఏ విషయమూ వాదన జరక్కుండా గడప దాటలేదు. అలాంటి మనిషి, భార్య జబ్బు సంగతి విని డాక్టరు గదిలోంచి బయటికొచ్చిన రోజు నుంచీ గంగిరెద్దులా తల ఊపడం మొదలుపెట్టాడు.

"కిటికీ మూసెయ్యనా?"

"నీ ఇష్టం."

"పోనీ తీసి ఉంచనా?"

"అదీ మంచిదే."

ఒకరోజు ఆమెకి ఒళ్ళు మండింది. "ముందుగదికి నల్లరంగు వేయిద్దామండీ."

"వేయిద్దాం."

"తలుపులకి కూడా."

"బాగుంటుంది."

"ఏనుగుని కొందామండీ. పెరట్లో కట్టేసుకుందాం."

వడ్రంగి పెరటి వైపు ఒకసారి చూసి, "నీకు సంతోషమైతే చాలు" అన్నాడు.

టైలరు లోపలికెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుంది. దాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. మందు వల్ల వేళ్ళ చివర్లు మొద్దుబారి, సూదిలో దారం ఎక్కించడానికి కూడా లొంగడం లేదు. మిషను చప్పుడు లేని ఇల్లు ఎవరిదో పరాయి ఇల్లులా ఉంది. ఆమెకి ఆ చప్పుడు కావాలి. నాలుక మీద ఇనుప రుచి పోయి అన్నం రుచి కావాలి. "నీకు కొలతలు తెలుసుగానీ మనుషులు తెలీదు" అని దెప్పిపొడిచే ఆ మొగుడు కావాలి. ఎదురుగా ఉన్న మనిషి మీదే అంత బెంగ పెట్టుకోవచ్చని ఆమెకి అప్పుడే తెలిసింది. ఊళ్ళో లేని మనిషి కోసం ఎదురుచూడొచ్చు. పక్కగదిలో కూర్చుని "నీ ఇష్టం" అంటున్న మనిషి ఎప్పుడు తిరిగొస్తాడని ఎదురుచూడాలి?

అందుకే మందు రోజు వస్తోందంటే ఒక పక్క భయం, ఇంకో పక్క ఏదో చిన్న ఆత్రం. అక్కడ పిన్ని ఉంటుంది. కాదనడానికి ఒక మనిషి ఉంటుంది.

*

వార్డులో పిన్ని బారిన పడనివాళ్ళు లేరు. లారీ డ్రైవరు ఒకాయన కుర్చీలో కూర్చున్నాడంటే సాయంత్రం దాకా కదిలేవాడు కాదు. మధ్యమధ్య నాలుగడుగులు నడవమని సిస్టరు బతిమాలేది. "ఎక్కడికమ్మా నడిచేది? ఇక నా బండి షెడ్డుకే" అనేవాడు.

పిన్ని ఎవరితోనో అంటున్నట్టు అంది. "వరండా చివర గోడ మీద పడవ బొమ్మ ఉంది చూశారూ, దాని తెరచాప ఎర్రగా ఎంత బాగుందో."

డ్రైవరు కళ్ళు తెరిచాడు. "ఎరుపేంటమ్మా? నీలం."

"ఎరుపు బాబూ. నీకు సిగ్నలు దీపాలన్నా సరిగ్గా కనపడేవా?"

అంతే. డ్రైవరు లేచాడు. స్టాండుని దొర్లించుకుంటూ వరండా చివరిదాకా వెళ్ళాడు, వచ్చాడు. "నీలం!" అని వార్డంతా వినేలా ప్రకటించాడు. "అయితే పడవ ఎరుపేమో" అంది పిన్ని. ఆయన మళ్ళీ వెళ్ళాడు.

టైలరు విషయంలో గొడవ గుడ్డు మీద వచ్చింది. బలానికి రోజూ గుడ్డు తినమని డాక్టరమ్మ చెప్పింది. ఉడికించిన గుడ్డు ఒకటి డబ్బాలో పెట్టుకుని, ఎవరో శత్రువు కన్ను చూసినట్టు దాన్నే చూస్తోంది టైలరు.

"నువ్వు తినలేవులే. నీలాంటి సుకుమారాల వల్ల కాదు" అంది పిన్ని.

"నేను సుకుమారమా? పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రింబవళ్ళు మిషను తొక్కినదాన్ని!"

"మిషను తొక్కడం వేరు, గుడ్డు మింగడం వేరు. సగం కూడా తినలేవు."

టైలరు పిన్ని మొహంలోకే చూస్తూ గుడ్డంతా తినేసింది. రుచి తెలియలేదు. కానీ గెలుపు రుచి బాగానే తెలిసింది.

ఒకసారి టైలరు ఆడపడుచు ఒక సీసా పట్టుకొచ్చింది. ఏవో ఆకుల కషాయం. ఇది తాగితే ఆసుపత్రి మందులే అక్కర్లేదని ఎవరో చెప్పారట. "తాగు వదినా, నా మీద ఒట్టు" అని ఒకటే గోల. మెత్తటి మనసు, గట్టి పట్టు. టైలరు కాదనలేక సీసా మూత తీసింది.

"తాగు తాగు. డాక్టరమ్మ కూడా తాగమనే అంటుంది" అని పిన్ని ఉత్సాహంగా ఎగదోసింది. "కావాలంటే పిలిచి అడుగుదాం. అనకపోతే నా పేరు మార్చుకుంటా."

డాక్టరమ్మ వచ్చి, సీసా వాసన చూసి, "ఏం తాగాలన్నా ముందు నన్ను అడగాలి. కొన్ని ఆకులు మందుని పని చెయ్యనివ్వవు. ఇది వద్దు" అని పక్కన పెట్టేసింది. ఆడపడుచు సీసా మూత బిగించి సంచిలో వేసుకుంది. పిన్ని పేరు మార్చుకోలేదు.

ఎవరో చూడ్డానికొచ్చిన పెద్దమనిషి ఒకాయన పిన్నికి ధైర్యం చెప్పబోయాడు. "మీరు ఈ జబ్బుతో పోరాడాలమ్మా. పోట్లాడి గెలవాలి!"

"దానితో నాకేం పోట్లాట నాయనా?" అంది పిన్ని. "తిరిగి మాట్లాడదు. దాని సంగతి డాక్టరమ్మ చూసుకుంటుంది. మీరు చెప్పండి, ఆ చొక్కాకి ఆ ప్యాంటు ఎవరు వేసుకోమన్నారు?"

*

పిన్ని ఎప్పుడూ ఒక్కతే వచ్చేది. ఒకరోజు కాస్త నీరసంగా ఉందని ఆమె తమ్ముడు వెంట వచ్చాడు. పిన్ని కునుకు తీస్తుంటే, టైలరు ఆయనతో నవ్వుతూ అంది.

"ఇంట్లో మీ చెవులకి విశ్రాంతి ఉండదనుకుంటానండీ."

"ఎందుకమ్మా?"

"పిన్నిగారి తగాదాలతో."

తమ్ముడు ఆమె ఇంకెవరి గురించో మాట్లాడుతోందనుకుని అటూ ఇటూ చూశాడు. "మా అక్కా? తగాదా? మా అక్కకి నోరుందన్న సంగతే మా పిల్లలకి తెలీదమ్మా. కూరలో ఉప్పు లేకపోయినా బాగుందనే రకం."

టైలరు నిద్రపోతున్న పిన్ని వైపు చూసింది. కుర్చీ, తెరచాప, గుడ్డు, కషాయం ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పిన్ని ఇన్నిసార్లు పోట్లాడింది, ఒక్కసారైనా గెలిచిందా? ప్రతిసారీ తప్పు వైపే నిలబడింది. ప్రతిసారీ ఓడింది. ఆవిడ మీద గెలిచినవాళ్ళు నడిచారు, తిన్నారు, కాసేపు జబ్బు సంగతి మరిచి ఛాతీ విరుచుకున్నారు.

తమ్ముడు టీ తాగడానికి వెళ్ళాక, పిన్ని కళ్ళు తెరిచింది. టైలరు సూటిగా అడిగేసింది. "కావాలనే ఓడిపోతున్నారు కదూ?"

"ఎవరు చెప్పారు? ఓడిపోవడం నా ఖర్మ" అంది పిన్ని. టైలరు చూపు తిప్పుకోలేదు. పిన్ని టోపీ సర్దుకుంటూ, ఎక్స్ఛేంజి నాటి గొంతుతో చెప్పింది.

"మా ఆయనకీ ఇదే జబ్బు. ఏడాది పాటు ఆయన ఏదంటే దానికి ఔనన్నాను. పగలు రాత్రంటే రాత్రే అన్నాను. ప్రేమంటే అదే అనుకున్నా. ఒకరోజు ఆయన నా చెయ్యి పట్టుకుని, 'ఒక్కసారి నన్ను కాదనవే, నేనింకా ఉన్నానని నమ్మకం కుదురుతుంది' అన్నారు."

"మీరేమన్నారు?"

"'అలాగేనండీ' అన్నాను."

టైలరుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిన్నే ముందు నవ్వింది. "చూశావా, అదీ నా తెలివి. ఇప్పుడు ఎన్ని తగాదాలు పేరుకుపోయాయో ఆయనతో! దుప్పటి గురించి, రేడియో గురించి, నాకంటే ముందు వెళ్ళిపోవడం గురించి. వినే మనిషి లేడు. అందుకని మీ మీద పడ్డాను."

టైలరు వైపు తిరిగి మళ్ళీ అంది. "మీ ఆయన కూడా తల ఊపుతున్నాడన్నావు కదా. అది ఒప్పుకోలు కాదమ్మాయ్, భయం. నీ భయం నువ్వు చెప్పు, అతని భయం అతను చెప్తాడు. ఇద్దరూ దాచుకుంటే ఆ ఇంట్లో మనుషులుండరు, మర్యాదలుంటాయి."

ఆ సాయంత్రం టైలరు భర్తని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "నాకు భయంగా ఉందండీ. మీరు ప్రతిదానికీ ఔనంటుంటే ఇంకా భయమేస్తోంది. నేను వెళ్ళిపోతున్నానని మీరప్పుడే ఖాయం చేసుకున్నట్టుంటుంది."

వడ్రంగి తన అరచేతుల్లోని కాయలు తడుముకున్నాడు. "నేను కాదన్న మాటే నీతో నా చివరి మాటైతే ఎలా అని..." అన్నాడు.  ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడ్చారు. గుండె తేలికపడింది. కానీ అలవాటు అంత తేలిగ్గా పోతుందా? మర్నాడు పొద్దున మళ్ళీ "నీ ఇష్టం" అనే అన్నాడు.

*

తరవాతి మందు రోజున టైలరు ఒక పట్టుదలతో వార్డుకి వచ్చింది. ఇవాళ పిన్నిని గెలిపించి తీరాలి.

సాయంత్రం కావస్తున్నా ఆమె నీళ్ళసీసా నిండుగా ఉండడం చూసి పిన్ని మొదలుపెట్టింది. "తాగకు తాగకు. నీళ్ళు తాగితే మందు పల్చబడిపోతుంది."

"నిజమే పిన్నీ" అంది టైలరు. "మీరు చెప్పారంటే నిజమే అయ్యుంటుంది. తాగను."

పిన్ని ఉలిక్కిపడింది. "తాగవా?"

"తాగను. మీరే గెలిచారు."

"నేనెలా గెలుస్తానే? నేనన్నది శుద్ధ తప్పు!"

"తప్పని ఒప్పుకోవడం మీ పెద్దమనసు. మీరే రైటు."

"నీళ్ళు బాగా తాగమని డాక్టరమ్మ నీతో చెప్పలేదూ?"

"ఆవిడ చదువెంత, మీ అనుభవమెంత పిన్నీ!"

"అనుభవం నా మొహం! తాగు ముందు!" అని పిన్ని సీసా అందుకుంది. "ఓడిపోయింది నేను!"

"కాదు, నేను!"

"నీకంటే ముందొచ్చాను ఈ వార్డుకి. ఓడిపోయే హక్కు నాది!"

సిస్టరు పరుగెత్తుకొచ్చింది. "ఏంటీ గోల? ఏమైంది?"

"ఈవిడ గెలవనంటోంది సిస్టర్" అన్నాడు లారీ డ్రైవరు, కడుపు పట్టుకుని నవ్వుతూ. "ఈ అమ్మ కూడా గెలవనంటోంది."

సరిగ్గా అప్పుడే వడ్రంగి భార్యని తీసుకెళ్ళడానికి వచ్చాడు. "మీరైనా తీర్పు చెప్పండి" అంది సిస్టరు. అతనేమంటాడో వార్డందరికీ తెలుసు. ఇన్నాళ్ళూ వింటున్నదేగా.

వడ్రంగి సంగతంతా విన్నాడు. మూత కూడా తియ్యని సీసా వైపు, వంకర తేలిన చెక్కని చూసినట్టు ఒక కన్ను చికిలించి చూశాడు. నోరు "నీ ఇ..." దాకా వచ్చి ఆగింది.

"పొద్దుట్నుంచీ చుక్క నీళ్ళు తాగకుండా పంతాలేంటి?" అన్నాడు భార్యతో. "తప్పు నీదే."

వార్డులో తలలన్నీ అతని వైపు తిరిగాయి.

"ఏమన్నారు?" అంది టైలరు.

అతను ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ వెనక్కి తగ్గలేదు. "తప్పు నీదే అన్నాను. పెద్దావిడని ఏడిపించడం ఇంకో తప్పు."

"నేను ఏడిపించానా? అసలు సంగతి మీకేం తెలుసని?" టైలరు గొంతు లేచింది. కళ్ళు తళతళలాడుతున్నాయి. సీసా లాక్కుని, కోపంగా, సగం దాకా గటగటా తాగేసింది. "చాలా? ఇప్పుడు చెప్పండి!"

"చెప్తాను, పద."

ఇద్దరూ వాదించుకుంటూనే మెట్లు దిగారు. గేటు దాటారు. రోడ్డు మీద ఆమె చెయ్యి తిప్పుతూ ఏదో అంటోంది, అతను అడ్డంగా తల ఊపుతున్నాడు. అంత అడ్డంగా తల ఊపి ఎన్నాళ్ళయిందో. పైనుంచి పిన్నీ, లారీ డ్రైవరూ కిటికీ పట్టుకుని చూస్తున్నారు. బస్సు వచ్చింది, స్టాపులో ఆగింది, వీళ్ళిద్దరినీ ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది.

"అయ్యో, తర్వాతి బస్సు కూడా వదిలేసేలా ఉన్నారు" అన్నాడు డ్రైవరు.

"ఛ, అంత ఒళ్ళు తెలీకుండా ఉంటారా? ఎక్కుతారు చూడు" అంది పిన్ని.

తర్వాతి బస్సు వచ్చింది. ఆగింది. హారను కొట్టింది. వెళ్ళిపోయింది.

పిన్ని మళ్ళీ ఓడిపోయింది.