కోడలికి నేనిచ్చిన కాఫీ

నా పేరు మునీశ్వరి. పుంగనూరులో ఉంటాం. నా నోరు మంచిది కాదని మా వీధిలో ఎవురినడిగినా చెప్తారు. నా కాఫీ బాగుండదని చెప్పేవాడు మాత్రం ఇంకా పుట్టలేదు. ఆ నోరూ ఆ కాఫీ కలిసి చేసిన పాపం ఒకటుండాది. అది చెప్పుకోకపోతే నాకు అన్నం దిగేట్టు లేదు.

నేను పుట్టింది సదుం పక్కన ఒక పల్లెలో. మాయమ్మ ఎంట కూలికి పోతాంటి. పొద్దున్నే రెడ్డోళ్ళ ఇంటి ముందర నిలబడుకుంటే లోపల్నించి కాఫీ వాసన వచ్చేది. మాకు రాగి అంబలి పోసేవాళ్ళు. అంబలి మంచిదే, ఈ పొద్దు డాక్టర్లు దాన్నే తాగమంటాండారు. అయితే పదేండ్ల పిల్లకు ఆ వాసన ముందర అంబలి యాడ దిగుతాది? నాకంటూ ఒక ఇల్లుంటే రోజూ కాఫీ పెడతా, ఆడోళ్ళకే ముందు పోస్తా అని అప్పుడే అనుకుంటి. మావాడు ఉదయ్ కిరణ్‌కు పాల డెయిరీలో ఉద్యోగం వచ్చినాక, మొదటి జీతంతో నాకు ఇత్తడి ఫిల్టరు తెచ్చిచ్చినాడు. ఆ పొద్దు పండగే నాకు.

అప్పట్నించి నాకు తలనొప్పికి కాఫీ, జలుబుకు కాఫీ, దిగులుకు కాఫీ. రోజుకు ఐదారు గ్లాసులు. కడుపులో మంటొస్తే అది కారం ఊరుబిండి పచ్చడి తప్పు. రాత్రి నిద్ర పట్టకపోతే అది వీధికుక్కల తప్పు. కాఫీది మాత్రం కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు ఉంటాది నా యవ్వారం.

మావాడికి కుప్పం పిల్లను చేసుకుంటిమి. పేరు నందిని. నిదానం మనిషి. పది మాటలంటే ఒకటి తిరిగి అంటాది, అదీ మెల్లగా. పెండ్లయిన ఏడాదికి నీళ్ళోసుకునింది. నేను వీధంతా బెల్లం పంచితి. మదనపల్లెలో వసుధమ్మని డాక్టరమ్మ ఉండాది, ఆమెకాడికి పిల్చుకొని పోతిమి. రక్తం తొమ్మిదే ఉండాదని, పొద్దునొకటి సాయంత్రమొకటి ఐరన్ మాత్ర వేసుకోమని రాసిచ్చింది.

ఆ మాత్ర వాసనకే పిల్లకు వాంతి. నీళ్ళతో వేసుకుంటే లోపలికి పోకముందే బయటికొస్తాది. రెండు దినాలు సూసినా. మూడో దినం నాకొక ఐడియా వచ్చింది. చిక్కటి డికాషను, గుమ్మపాలు, చక్కెర కొంచెం ఎక్కువేసి చేతిలో పెట్టి, "మాత్ర నోట్లో ఏసుకొని దీన్ని తాగేసెయ్, వాసనే తెలీదు" అన్నా. తాగింది. వాంతి కాలే. నా అంత తెలివైంది పుంగనూరు తాలూకాలో లేదనుకుంటి.

ఒక వారం పోయినాక నందిని వంటింటి వాకిట్లో నిలబడి, "అత్తా, మా కుప్పంలో ఇంటింటికీ మాత్రలు పంచే ఆశా అక్క కాఫీతో మాత్ర వేసుకోగూడదని చెప్పింది. నిమ్మరసంతో వేసుకుంటా" అనింది.

అయ్యో, ఆ మాట ఇనింటే అయిపోయేదే! నాకు సర్రున కాలింది. "నీళ్ళ కాఫీ తాగే ఊరోళ్ళు నాకు సుద్దులు చెప్పేదా? నా కాఫీలో ఇసం కలిపినానా? ఎవురింట్లోనన్నా అత్త కాఫీ పెట్టి కోడలి చేతికిస్తాందా, పోయి సూసుకొని రా" అని అరిసినా. ఆ పిల్ల తల వంచుకొని గ్లాసు తీసుకునింది. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలే. నేనూ మర్చిపోతి. నిజ్జంగా మర్చిపోతి, అదే నాకు ఇంకా సిగ్గుగా ఉండాది.

ఆరో నెలలో రక్తం చూస్తే ఎనిమిదిన్నర. పెరగాల్సింది తగ్గిపోయింది. "మాత్రలు సరిగ్గా వేసుకుంటాండావా?" అని మదనపల్లెలో నర్సమ్మ అడిగితే నందిని "వేసుకుంటాండానక్కా" అనింది. ఇంటికొచ్చే బస్సులో నా బుర్రలో పురుగు దూరింది. వేసుకుంటే యాల పెరగదు? ఉమ్మేస్తాంది. నాలిక కింద పెట్టుకొని, నేనట్ల తిరగంగానే మోరీలో ఉమ్మేస్తాంది.

మరుసటి దినం నుంచి కాఫీ తాగినాక "నోరు తెరువు" అంటి. తెరిసింది. "నాలిక పైకెత్తు" అంటి. ఎత్తింది. పొద్దున, సాయంత్రం, దినామూ. ఇరవై నాలుగేండ్ల పిల్ల, కడుపుతో ఉండే పిల్ల, నా ముందర నోరు తెరుసుకొని నిలబడుకునేది. నోట్లో ఏమీ ఉండదు. అయినా నాకు నమ్మకం కుదర్లే. మావాడు ఒకసారి సూసి, "మా, ఏందిది?" అన్నాడు. "నీ బిడ్డ కోసమే లేరా, నువ్వు ఊరుకో" అని వాని నోరూ మూయించినా.

అంతటితో ఆగింటే ఎంతో బాగుండు. కుప్పానికి ఫోన్ చేసి మా వియ్యపురాలు రాజేశ్వరితో, "వదినా, మీ బిడ్డ మాత్రలు ఉమ్మేస్తాంది, రేపు ఏమన్నా అయితే మాట నా మీదికొస్తాది" అని చెప్పేస్తి. ఆయమ్మ భయపడిపోయి మర్నాడే వచ్చేసింది. ఇంట్లోకి అడుగు పెట్టీ పెట్టకనే "నీ బిడ్డను నువ్వే సంపుకుంటావా?" అని నందిని చెంప మీద కొట్టింది. నందిని "లేదమ్మా, మింగుతాండానమ్మా" అనింది. రెండో దెబ్బా పడింది. నేను గడప కాడ నిలబడుకొనే ఉండా. నా మాట నెగ్గిందని లోపల తృప్తిగా కూడా ఉండింది. దాచను, ఉండింది.

ఏడో నెలలో మల్లా మదనపల్లెకు పోతే రక్తం ఏడున్నరకు దిగిపోయింది. వసుధమ్మ కాగితం పక్కన పెట్టి, "మాత్ర ఎట్లా వేసుకుంటాండావమ్మా?" అని నందినిని అడిగింది. నందిని నా మొగం సూసింది. నేనే ముందుకు దూరి, "నేను దగ్గరుండి వేయిస్తా డాక్టరమ్మా, రెండు పూటలా వేడి కాఫీతో" అంటి గొప్పగా.

ఆయమ్మ కుర్చీ నా పక్కకు తిప్పుకునింది. తర్వాత మెల్లగా చెప్పింది. కాఫీ ఐరన్‌ను ఒంటికి సరిగ్గా పట్టనీయదంట. మాత్ర నోట్లోకి పోయినా, చాలావరకు వచ్చిన దారినే పోతాదంట. మాత్రకు ముందొక గంట, తర్వాత రెండు గంటలు కాఫీ, టీ తాగకూడదంట. "అంతా కాఫీ వల్లేనని నేను చెప్పను, ఇంకా పరీక్షలు చేయాల. కానీ ఇది మాత్రం ఈ పొద్దే ఆపండి. నిమ్మరసంతో వేసుకోమనండి" అనింది.

"అయితే కాఫీ ఇసమా డాక్టరమ్మా?" అంటి.

"ఇసమెందుకమ్మా? మీలాంటోళ్ళు రోజుకు రెండు మూడు గ్లాసులు తాగితే ఏం కాదు. చురుగ్గా ఉంటాది, లివరుకు మేలని కూడా అంటారు. ఎక్కువ తాగితే కడుపు మంట, నిద్ర రాదు, గుండె దడ. కడుపుతో ఉండేవాళ్ళు ఒక గ్లాసుతో సరిపెట్టుకోవాల, అదీ మాత్రకు దూరంగా." అని చెప్పి, "ఇప్పుడు మాత్రలొక్కటే చాలవు, నరానికి ఐరన్ ఎక్కించాల. కాన్పు నాటికి పెరక్కపోతే రక్తం కావాల్సొస్తాది. తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ కష్టం" అనింది.

సూది ఎక్కిస్తాంటే ఆ పిల్ల మంచం పక్కన కూచున్నా. కుప్పం ఆశా అక్క మాట అప్పుడు గుర్తొచ్చింది నాకు. "నాకు చెప్పినావు కదమ్మా నందినీ" అంటి. "చెప్పినా అత్తా" అనింది. అంతే. కోపం లేదు, ఏడుపు లేదు. తిట్టింటే బాగుండేది.

ఇంటికొచ్చిన దినం సాయంత్రం, డాక్టరమ్మ మార్చి రాసిన మాత్ర, నిమ్మకాయ నీళ్ళు నేనే తీస్కపోయి ఇస్తి. మింగింది. మింగి, నేనేమీ అడక్కుండానే నోరు తెరిసి నాలిక పైకెత్తి సూపించింది. అలవాటైపోయింది ఆ పిల్లకు. దేవుడా! వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకొని ఏడిస్తి.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. అయినా నా వంతు నేను చేయాల కదా. ఫోన్లో చెప్పేదానికి మనసొప్పలే. మర్నాడు పొద్దున్నే బయల్దేరి, పలమనేరులో బస్సు మారి కుప్పం పోతి. రాజేశ్వరి వాకిలి చిమ్ముతాండాది. "రా వదినా, కాఫీ పెడతా" అనింది. "వద్దు వదినా, ముందు నేను చెప్పేది ఇను" అని వాకిట్లోనే నిలబడి మొత్తం చెప్పేసినా. కాఫీ, ఆశా అక్క మాట, నోరు తెరిపించింది, ఆ దెబ్బలు.

రాజేశ్వరి చీపురు కింద పెట్టింది. తన కుడిచెయ్యి సూసుకునింది. "నువ్వు పరాయిదానివి వదినా, నమ్మలేదు. నేను కన్నదాన్ని" అని అరుగు మీద కూలబడిపోయింది.

కొంచేపటికి బిడ్డకు ఫోన్ చేసింది. స్పీకరు పెట్టి ఫోను అరుగు మీద పెట్టింది. "తిన్యావా?" అనింది.

"తిన్నానమ్మా. అత్త ఆడికొచ్చిందా?"

"వచ్చింది. అంతా చెప్పింది."

నందిని గొంతు, తొందర తొందరగా, నేనెప్పుడూ ఇననంత గట్టిగా వచ్చింది. "అమ్మా, అత్తను ఏమీ అనద్దు. దెబ్బ గిబ్బ కొట్టేవు! పెద్దామె, ఒంటరిగా బస్సులో వచ్చింది. నాకేం కాలేదులే."

నేను అక్కడే నిలబడి ఇన్నా. నాకోసం అడ్డం పడతాంది ఆ పిల్ల. ఆ పొద్దు రెండు దెబ్బలు పడినప్పుడు నేను రెండడుగుల దూరంలో ఉండా, ఒక్క మాట అడ్డం ఎయ్యలేదు.