ఫోజుల మాస్టారి కేటలాగు

ఆ గ్రంథాలయంలో పాత బొమ్మల విభాగం చూసే మాస్టారికి ఒకే ఒక్క జబ్బు. బొమ్మలో మనిషి ఎలా ఉన్నాడో అలా ఉండి చూస్తేగాని ఆ బొమ్మ గురించి ఒక్క ముక్క రాయరు. తానొక్కరూ ఉంటే సరిపోదు. తనను తాను చూసుకోలేరు కనక ఎదురుగా ఇంకొకరిని కూడా అలాగే ఉంచాలి. ఆ ఇంకొకరు ఎవరైనా సరే. పుస్తకం తిరిగివ్వడానికి వచ్చినవాళ్ళు, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాళ్ళు, దారి తప్పి మెట్లెక్కినవాళ్ళు, ఎవరు దొరికితే వాళ్ళే. ఆయన ఏ బళ్ళోనూ ఏనాడూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. అయినా అందరూ ఆయన్ని ఫోజుల మాస్టారనే అనేవారు. ఎదురుపడితే మాత్రం ఉత్త మాస్టారు.

ఆ విభాగం పై అంతస్తులో ఒక పొడుగాటి గది. వెలుతురు తగిలితే బొమ్మలు వెలిసిపోతాయని కిటికీలన్నిటికీ మందపాటి తెరలు కట్టేశారు. చిట్టచివరి కిటికీకి మాత్రం, పని చేసుకోవాలి కదా, పల్చటి గుడ్డ వేసి వదిలారు. గదికి అడ్డంగా ఎత్తైన బీరువాలు, వాటి నిండా అట్టపెట్టెలు. రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసిన బొమ్మలు కొన్ని పెట్టెల్లో, సిరాతోనో పెన్సిలుతోనో చేత్తో గీసినవి కొన్ని పెట్టెల్లో. ఎప్పటెప్పటి వాళ్ళో ఇచ్చిపోయినవి. ఒక్కొక్కటీ తీసి, కొలిచి, అందులో ఏముందో కార్డు మీద రాసి, మళ్ళీ భద్రంగా పెట్టెలో పెట్టడమే అక్కడి పని. మాస్టారికి సాయంగా కొత్తగా ఒక అసిస్టెంటమ్మను వేశారు. బాగా చదువుకున్న పిల్ల, చకచకా రాసే చెయ్యి. గదంతా ఇట్టే తేల్చేస్తానన్న ధీమాతో వచ్చింది. ఆ ధీమా మొదటిరోజు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

మొదటి కార్డు మీద ఆమె "నిలబడిన మనిషి, చేతిలో కర్ర" అని రాసింది. మాస్టారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు.

"ఎలా నిలబడ్డాడమ్మాయ్?"

"కాళ్ళ మీదండీ."

"అది నాకూ తెలుసు. బస్సు కోసం నిలబడ్డట్టా, కాబోయే మామగారి ముందు నిలబడ్డట్టా, వచ్చిన పని మరిచిపోయి నిలబడ్డట్టా?"

"బొమ్మ చూస్తే తెలుస్తుంది కదండీ!"

"బొమ్మ చూసేవాడికి నీ కార్డుతో పనేముంది? కార్డు చదివి, బొమ్మ తీయించుకోవాలో వద్దో తేల్చుకునేవాడి కోసం కదా మనం రాస్తున్నది? లే. ఆ గొడుగు పట్టుకో."

అసిస్టెంటమ్మ గొడుగు పట్టుకుని నిలబడింది. ఎదురుగా మాస్టారు చీపురు పట్టుకుని నిలబడ్డారు.

"బరువు కుడికాలి మీద వెయ్యి. ఇంకా. భుజం దించు. కదలకు! ఇప్పుడు చెప్పు, ఎలా ఉంది?"

"నడుం నొప్పిగా ఉందండీ."

"ఆఁ, అదీ! అతనికీ నడుం నొప్పే! రాసుకో. నడిచి నడిచి అలసిపోయి, కర్ర మీద ఒరిగి నిలబడ్డ బాటసారి."

ఆమె బొమ్మ వైపు చూసింది. నిజంగానే పాపం ఆ మనిషి అలసిపోయి ఉన్నాడు. అంతవరకూ ఆమెకు అది కనపడలేదు. ఒళ్ళు మండినా ఒప్పుకోక తప్పలేదు.

ఇంకో రోజు ఆమె ఒక యుద్ధం బొమ్మకు "ఎడమచేతి వాటం సైనికుల దళం" అని రాసింది. మాస్టారు తల పట్టుకున్నారు. రేకు మీద చెక్కింది కాగితం మీద కుడిఎడమలు తారుమారై పడుతుందనీ, చెక్కినవాడు ఆ సంగతి మరిచిపోతే సైన్యం మొత్తానికీ చేతులు మారిపోతాయనీ చెప్పారు. చెప్పి ఊరుకుంటే ఆయన మాస్టారెందుకవుతారు? సరిగ్గా అప్పుడే మీటరు చూడ్డానికి వచ్చినతనికి పొడుగాటి స్కేలు ఒకటి ఇచ్చి, ఎడంచేత్తో కత్తిలా దూయమన్నారు.

"ఎలా ఉంది నాయనా? ఇబ్బందిగా లేదూ?"

"లేదండీ. నాది ఎడంచెయ్యే. హాయిగా ఉంది."

మాస్టారు ఇంకో మనిషి దొరుకుతాడేమోనని మెట్లవైపు చూశారు. మీటరతను మాత్రం స్కేలు వదలడే! ఇంకో ఇద్దరు శత్రువుల్ని నరికిగాని వెళ్ళలేదు.

కింది అంతస్తులో ఒక లెక్కల గుమాస్తా ఉండేవాడు. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవదని ఎప్పుడూ మూలిగేవాడు. మాస్టారు అతన్ని కూడా వదల్లేదు. తెరచాప తాడు లాగే నావికుడి బొమ్మలు పెట్టెడు ఉన్నాయని రోజూ పిలిపించి, బీరువాకు కట్టిన తాడు లాగించేవారు. గుమాస్తా లాగినంతసేపూ మాస్టారి వంశాన్ని పేరుపేరునా తలుచుకునేవాడు. ఇక అసిస్టెంటమ్మ వంతుకు ఎక్కువగా రాణులు వచ్చేవారు, అదీ మేడమీదినుంచి ఆకాశంలోకి చూసే రాణులు. గడ్డం పైకెత్తి, మెడ సాచి, అలా గోడగడియారం వైపు చూస్తూ ఉండాలి. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది.

"ఏమిటే, వీధిలో తల ఎగరేసుకుని నడుస్తున్నావట? పక్కింటావిడ అడుగుతోంది, మీ అమ్మాయికి ప్రమోషన్ వచ్చిందా అని," అంది వాళ్ళమ్మ.

"ప్రమోషనూ లేదు, పాడూ లేదు. పొద్దుట్నుంచీ రాణీగా ఉన్నానమ్మా. ఇంకా దిగలేదు."

"దిగి వచ్చి అన్నం తిను. ఆ మాస్టారికి పెళ్ళాం పిల్లలు లేరా, ఊళ్ళోవాళ్ళని పట్టుకుని ఆడిస్తాడు?"

ఇంతవరకూ నవ్వులాటే. ఆ తర్వాత కొత్త డైరెక్టరుగారు వచ్చారు.

ఈయనకు కుర్చీ అంటే గిట్టదు. కూర్చుంటే మనిషికి బద్ధకం వస్తుందనీ, బద్ధకం వస్తే సంస్థ మూతపడుతుందనీ ఆయన సిద్ధాంతం. తన గదిలో ఎత్తుబల్ల వేయించుకుని నిలబడే సంతకాలు పెట్టేవారు. మీటింగులు నిలబడి, టీ నిలబడి. వచ్చిన వారంలోనే తలుపుల దగ్గర కాపలా కాసేవాళ్ళ కుర్చీలన్నీ తీయించేశారు. "డ్యూటీలో నిలబడలేనివాళ్ళు ఇంటికెళ్ళి కూర్చోవచ్చు. ఈసారి రౌండ్లలో కాపలావాళ్ళెవరు కూర్చుని కనపడినా అదే వాళ్ళకి ఆఖరి రోజు," అని అందరిముందూ చెప్పారు. అది బెదిరింపు కాదు. కింది వాకిలి దగ్గర గోడవారన చతికిలబడి దొరికినతన్ని ఆ సాయంత్రమే పంపేశారు కూడా.

బొమ్మల గది వాకిట్లో కాపలా కాసేది పెద్దయ్య. ఆయన మోకాళ్ళు రెండూ ఎప్పుడో మొరాయించాయి. మెట్లెక్కేటప్పుడు ఆయన కంటే ముందు ఆయన మూలుగు పైకి వచ్చేది. ఆ వయసులో పొమ్మంటే ఇంకెవరూ రమ్మనరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు కనక పళ్ళు బిగించి నిలబడేవాడు. ఆయన్ని చూస్తే అసిస్టెంటమ్మకు కడుపు తరుక్కుపోయేది. ఎప్పుడు కూలబడతాడో, ఎప్పుడు డైరెక్టరుగారి కంట పడతాడో అని రోజూ భయమే.

ఇంత జరుగుతుంటే మాస్టారు ఏం చేశారనుకున్నారు? ఆ పెద్దయ్యనే ఫోజులకు పిలవడం మొదలుపెట్టారు! అదీ ఒకసారి కాదు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండుసార్లు. "పెద్దయ్యా, ఒకసారి ఇలా రావయ్యా!" అని బీరువాల వెనకనుంచి కేకేసేవారు. పెద్దయ్య కుంటుకుంటూ గదంతా దాటి చివరి కిటికీ దాకా వెళ్ళేవాడు. ఇవతల తన బల్ల దగ్గర కూర్చున్న అసిస్టెంటమ్మకు బీరువాల అడ్డం వల్ల ఏమీ కనపడేది కాదు. "అలాగే! కదలకు! ఇంకాసేపు!" అన్న మాస్టారి గొంతు మాత్రం వినపడేది. ఆ మాట వినపడినప్పుడల్లా ఆమెకు మండిపోయేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "మాస్టారూ, లోకంలో ఇంకెవరూ దొరకలేదా మీకు? ఆ మోకాళ్ళతో ఆయన్ని పట్టుకుని..."

"ఆ ముఖంలో రాజసం ఉందమ్మాయ్. నీకు తెలీదు."

"నిలబడలేక చస్తున్నవాడికి రాజసం ఏమిటండీ!"

మాస్టారు వినపడనట్టు పెన్సిలు చెక్కుకున్నారు. ఆమె ఇక లాభం లేదని పెద్దయ్య దగ్గరికే వెళ్ళింది. "రానని చెప్పెయ్యి పెద్దయ్యా. నీ తరఫున నేను మాట్లాడతాను."

"అమ్మో, అంతపని చెయ్యకు తల్లీ! మాస్టారు పిలిస్తే కాదంటామా?" అని పెద్దయ్య కంగారుగా నవ్వాడు. నోరులేని మనిషి, భయపడుతున్నాడు, అనుకుంది ఆమె. ఇంకొక్కసారి ఆ "కదలకు" వినపడిందా, నేరుగా వెళ్ళి కడిగేద్దామని నిర్ణయించుకుంది.

మధ్యాహ్నం వినపడనే వినపడింది. ఆమె చేతిలో కార్డు బల్లమీద కొట్టి, బీరువాలు దాటుకుని విసవిసా వెళ్ళింది.

మాస్టారి మెత్తటి కుర్చీలో పెద్దయ్య వెనక్కి జారబడి ఉన్నాడు. కాళ్ళు రెండూ ఖాళీ అట్టపెట్టె మీద చాచి, పంట్లాం మోకాళ్ళ దాకా మడుచుకుని, ఎండ కాచుకుంటున్నాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి. పక్కన మాస్టారు నిలబడి, కిటికీ గట్టుమీద కార్డు పెట్టుకుని రాసుకుంటూ, మధ్యమధ్యలో గదికంతా వినపడేలా "కదలకు!" అంటున్నారు. బల్లమీద తీసి ఉంచిన బొమ్మ వైపు చూసింది. అందులో మనిషన్నవాడు లేడు. తీగా, రెండు ఆకులూ, పెద్ద గుమ్మడికాయా.

"మాస్టారూ... ఇది గుమ్మడికాయ."

"ఏం చెయ్యనమ్మాయ్?" అన్నారాయన, గొంతు తగ్గించి. "కూర్చున్న మనుషుల పెట్టె పోయిన వారమే అయిపోయింది. ఈ పెట్టె నిండా కాయగూరలే."

అప్పటికి ఆమె బుర్ర వెలిగింది. కొన్నాళ్ళుగా మాస్టారు నిలబడి రాస్తున్నది తన కుర్చీలో పెద్దయ్య ఉండబట్టి! గుమాస్తా ఈమధ్య మూలగడం మానేసి పై అరలో ఫైళ్ళు తనే తీసుకుంటున్నాడు. తాను భూతద్దం మీద వంగి వంగి మెడ పట్టేసిన రోజే ఆకాశం చూసే రాణి పని తగిలేది. ఇన్నాళ్ళూ ఈయన్ని మనసులో ఎన్ని మాటలనుకుందో తలుచుకుంటే సిగ్గేసింది. ఆ వెంటనే ఆయనమీద పట్టరాని ప్రేమ కలిగింది.

ఆ ప్రేమ వెలిబుచ్చే టైము లేదు. టకటకమని బూట్ల చప్పుడు బీరువాల దాకా వచ్చేసింది. రౌండ్లు!

పెద్దయ్య లేవబోయాడు. మోకాళ్ళు సహకరించలేదు. డైరెక్టరుగారు మలుపు తిరిగి ఎదురుగా నిలబడేసరికి ఆయన ఇంకా కుర్చీలోనే ఉన్నాడు, ముఖంలో నెత్తురుచుక్క లేకుండా.

"గార్డు కూర్చున్నాడేమిటి?"

మాస్టారు పెన్సిలు చెక్కుకోసాగారు. ఆయన ఒంటితో ఎన్ని వేషాలైనా వేస్తారు గాని నోటితో ఒక్క అబద్ధం ఆడలేరు.

"ఫోజు సార్," అంది అసిస్టెంటమ్మ.

"ఏ బొమ్మకి?"

అందరూ బల్ల వైపు చూశారు.

"దీనికే సార్."

"ఇది గుమ్మడికాయ."

"అవును సార్."

"గుమ్మడికాయకి మనిషి ఫోజేమిటమ్మా?"

"ఉత్తినే గుమ్మడికాయ అని రాస్తే కార్డు చదివేవాళ్ళకి ఏం తెలుస్తుంది సార్? ఎలా ఉన్న గుమ్మడికాయ? దొర్లబోతోందా, దేనికైనా ఒరిగిందా, బరువంతా కింద పెట్టేసి స్థిమితంగా ఉందా? ఆ వాటం మన ఒంట్లోకి రాకుండా రాయకూడదు. మా విభాగంలో పద్ధతి అది. నిలబడి చూద్దామన్నా ఏ గుమ్మడికాయా నిలబడదు కదా సార్!"

పెద్దయ్య తన వంతు సాయంగా బుగ్గలు పూరించాడు. డైరెక్టరుగారు కాయను చూశారు, పెద్దయ్యను చూశారు, మళ్ళీ కాయను చూశారు.

"పోలిక ఉన్న మాట నిజమే," అని గొణిగారు.

ఆయన ఇంకో ఆలోచన చేసేలోపు అసిస్టెంటమ్మ అందుకుంది. "సార్, దేవుడిలా వచ్చారు. సింహాసనం మీద రాజు బొమ్మ ఒకటి ఎన్నాళ్ళనుంచో ఆగిపోయింది. మాలో ఎవరి ముఖమూ దానికి కుదరడం లేదు."

మాస్టారి కళ్ళు మెరిశాయి. ఎక్కడినుంచి తెచ్చారో, చేతులున్న ఇంకో కుర్చీ క్షణంలో కిటికీ దగ్గరకు వచ్చేసింది.

"నేను డ్యూటీలో కూర్చోను," అన్నారు డైరెక్టరుగారు.

"కూర్చోవద్దు సార్. కూర్చున్న రాజుగా ఉండండి, చాలు," అన్నారు మాస్టారు.

ఆయన అటూ ఇటూ చూసి, కుర్చీ అంచుమీద రాజుగా ఉన్నారు. గడ్డం ఎత్తారు. ఒక చెయ్యి కుర్చీచేతి మీద, ఇంకో చెయ్యి తొడమీద. "కదలకండి!" అన్నారు మాస్టారు. కాసేపటికి రాజుగారి వీపు కుర్చీకి ఆనింది. ఇంకాసేపటికి భుజాలు దిగాయి. బల్లకింద ఒక మడమ మెల్లగా బూటులోంచి బయటికి వచ్చింది. వచ్చినప్పటినుంచీ ఆ కాళ్ళు పడ్డ కష్టమంతా ఒక్క నిట్టూర్పుగా బయటపడింది.

"ఇది... ఎంతసేపు పడుతుంది?"

"రాజు కదండీ. తొందరపడితే రాదు."

"తొందరేం లేదు. నిదానంగానే కానివ్వండి."

ఆయన లేచేసరికి కిటికీలో ఎండ పక్క గోడ మీదికి పోయింది. డైరెక్టరుగారు లేస్తుంటే కుర్చీ పిడి పట్టుకుని పెద్దయ్య కూడా లేవబోయాడు.

"నువ్వెందుకయ్యా లేస్తావ్? నీ గుమ్మడికాయ అయిపోయిందా?"

"ఇంకా లేదండీ."

"మరి కూర్చో. పని మధ్యలో లేవకూడదు," అని ఆయన బూటు సర్దుకుని వెళ్ళిపోయారు. చప్పుడు మెట్లు దిగేదాకా ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత ముగ్గురూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

మర్నాడు అదే వేళకు డైరెక్టరుగారు మళ్ళీ వచ్చారు. ఈసారి బూట్లు చప్పుడు చెయ్యలేదు. కుర్చీలో కాళ్ళు చాచుకుని వంకాయకు ఫోజిస్తున్న పెద్దయ్యను చూసి కూడా చూడనట్టు దాటి, మాస్టారి చెవి దగ్గరకు వంగారు.

"మాస్టారూ, రాజులెవరైనా మిగిలారా?"

"అయ్యో, అయిపోయారండీ. కొత్త పెట్టెలో జాలర్లు మాత్రం ఉన్నారు. గట్టుమీద కూర్చుని, గాలం వేసి..."

"జాలరైనా ఫరవాలేదు," అంటూ ఆయన బూట్ల తాళ్ళు విప్పుకోసాగారు.