బండి మీద కూసోని ఇచ్చిన కొలత

కామారెడ్డిల తోలు జాకెట్ కుట్టించుకున్న. "జెర లూజు పెట్టు బిడ్డా, పిల్లగాడు పెరుగుతడు" అని అమ్మ దర్జీకి చెప్పింది. ఆ పిల్లగానికి ముప్పై రెండేండ్లు. పొద్దుగాల బండి మీద ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి పనికి పోతుంటే గాలి జొచ్చి జాకెట్ బుంగ లెక్క ఉబ్బుతుండె, నేను లోపల వణుకుతుంటి.

మళ్ల దర్జీ దగ్గరికే పోయిన. "తోలుకు సూది గుచ్చితే ఆ బొక్క పూడదన్నా. కొలత తప్పితే జాకెట్ ఖరాబే" అన్నడు. పక్కలకు క్లిప్పులు పెట్టి, నన్ను బండి మీద కూసోబెట్టి హ్యాండిల్ పట్టించిండు.

"పొట్ట గుంజకన్నా. ఎల్లారెడ్డి దాకా గట్లనే గుంజుకోని పోతవా?"

వదిలిన. రెండు క్లిప్పులు ఎగిరి పడ్డయి. నవ్వుకుంట గప్పుడు గీత గీసిండు.

మర్నాడు జాకెట్ తొడుక్కోని ఎల్లారెడ్డికి మళ్లిన. గాలి మెడ కాడిదాక వచ్చింది, జాగ దొరకక ఎనుక వస్తున్న ఆటోల కూసున్నోళ్ల మీదికి పోయింది.