హట్ బే గుట్టకు ఇరవై కొబ్బరికాయలు

మా అక్కను పోర్ట్ బ్లెయిర్ తీసుకొచ్చేద్దామని లిటిల్ అండమాన్‌కు బయల్దేరాను. బావ పోయాక హట్ బేలో ఒడ్డుకు దగ్గరగా ఒక్కర్తే ఉంటోంది. వయసు యాభై నాలుగు. సునామీ వచ్చి పన్నెండేళ్ళు దాటినా, భూమి కాస్త కదిలిందంటే నా ప్రాణం హట్ బే మీదే ఉంటుంది. పోర్ట్ బ్లెయిర్ బ్రూక్షాబాద్‌లో మా ఇంట్లో ఓ గది ఖాళీ చేయించాను. అక్క మోకాళ్ళకని పట్టీలు కూడా కొన్నాను.

ఉదయం ఆరున్నరకు హాడో రేవులో ఓడ కదిలింది. ద్వీపవాసుల కార్డుంటే టికెట్ చవకే, దొరకడమే గగనం. కింద గాలాడక తువ్వాలుతో విసురుకుంటుంటే పక్కనున్న చేపల వ్యాపారి జాలిపడ్డాడు. “భయ్యా, ఊపర్ డెక్ మీదకి ఎలిపోండి. ఇక్కడుంటే చక్కర్ వచ్చి పడిపోతారు.”

రెండు వరసల ఇనుప మెట్లెక్కి రెయిలింగ్ పట్టుకుని రొప్పాను. వెనకే వచ్చిన ఆ వ్యాపారి నాకంటే పదేళ్ళు పెద్ద, అయినా ఆయాసం లేదు. నాకు నలభై తొమ్మిది. బడిలో కుర్చీ, ఇంట్లో సోఫా, మధ్యలో స్కూటర్. డాక్టరు నడవమన్నప్పుడల్లా వచ్చే నెల నుంచి అనుకుంటాను. క్యాంటీన్‌లో పూరీ కూర తిని, మధ్యాహ్నం మూడింటికి జెట్టీలో దిగాను.

సాయంత్రం టీ తాగుతూ విషయం చెప్పాను. అక్క గ్లాసు పక్కన పెట్టింది. “రేపు పొద్దున్న నాతో ఊరెనక గుట్టెక్కు. తరవాత మాటాడుకుందాం.”

ఐదింటికల్లా తెల్లారిపోయింది. అక్క పీచు తీయని ఇరవై కొబ్బరికాయలు బస్తాలో వేసి వీపుకు కట్టుకుంది. పైన ఎవరికని అడిగాను. “ఎవలికీ కాదు. మళ్ళీ దింపీడమే” అంది. ఒంటరితనం వల్ల మనిషి ఇలా అయిపోయిందేమోనని భయమేసింది.

సగం దారిలో నేను రాయి మీద కూలబడ్డాను. అక్క బస్తా దించకుండానే నా పక్కన నిలబడింది.

“సునామీ రోజు మా అత్తని పట్టుకుని ఇక్కడిదాకా వచ్చినాను. ఊపిరందక చెయ్యి వదిలీసినాను, తమ్ముడూ. ఎనకాలొచ్చిన మా వరసింటి రాంచీ భయ్యా ఎత్తుకోబట్టి బతికింది గానీ, లేకపోతే ముసల్ది ఆ రోజే పోవును.”

ఇన్నేళ్ళలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. ఆ తరవాత వాళ్ళ వరస ఇళ్ళవాళ్ళు ఓ కట్టుబాటు చేసుకున్నారట. గుట్ట ఎక్కలేని ప్రతి మనిషికీ ఎక్కించే మనిషి ఒకరుండాలి. పక్కింటి బెంగాలీ ముసలావిడ, అందరూ మౌసి అని పిలిచే ఆవిడ, అక్క వంతు. ఆ ఎండుపుల్లలాంటి మనిషి బరువూ, ఇరవై కాయల బరువూ సమానమట.

“నీతో వచ్చేస్తే మౌసిని ఎవలు మోస్తారు?” అంది.

“ఎవరో ఒకరు దొరుకుతారులే.”

“ఎవలు? నువ్వా?” నన్ను కిందనుంచి పైదాకా చూసి నవ్వింది. “ఎనభై కిలోలున్నావు. మా వరసలో నిన్ను మోసీవోలే లేరు.”

సిగ్గుతో తల దించుకున్నాను. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, అక్కను కాపాడ్డానికి వచ్చిన ఘనుణ్ణి నేను. ఆమె పైదాకా వెళ్ళి వచ్చేవరకూ అక్కడే కూర్చున్నాను. అక్కకని సంచిలో తెచ్చిన మోకాలి పట్టీలు నేనే కట్టుకుని దిగాను.

మౌసి గుమ్మంలో కాచుకుని ఉంది. నేనెందుకు వచ్చానో ఆవిడకు ముందే తెలిసినట్టుంది. అక్క లోపలికి వెళ్ళాక మెల్లగా అడిగింది: “కబ్ లే జా రహే హో, బేటా?”

అక్కను ఎప్పుడు తీసుకుపోతున్నావని అడుగుతూ ఆవిడ నా మొహంలోకి చూడలేకపోయింది.

“అకేలా జా రహా హూఁ, మౌసీ,” అన్నాను. ఒక్కణ్ణే పోతున్నానని చెప్పడం ఇంత తేలికని అనుకోలేదు.

మర్నాటి ఓడకు అక్క చేపల పులుసు, అన్నం కట్టి ఇచ్చింది. హట్ బే వెళ్ళదలచినవారు టికెట్ వారం ముందు చూసుకుంటే చాలు. గుట్ట ఎక్కాలంటే మాత్రం ఏడాది ముందునుంచే నడక మొదలుపెట్టండి. ఒంట్లో సత్తువ తగ్గితే నష్టం నాకొక్కడికే అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. ఈ వయసులో మనం కూలబడితే, మనల్ని నమ్ముకున్న ఇంకో మనిషి కూడా కిందే ఉండిపోతుంది.

డెక్ మీద కూర్చుని, ప్రమాదం వస్తే మా వీధిలో ఎవరెవరిని మోయాల్సి వస్తుందో లెక్కపెట్టాను. మొదట తట్టిన పేరు నాదే.