సున్నా గంటల డిస్కు

హార్లింగెన్ ఓడరేవు వెనక వీధిలో సీట్సె వియార్దా ముప్పై ఏళ్లుగా కంప్యూటర్ల కొట్టు నడుపుతున్నాడు. ఏ హార్డ్ డిస్కునైనా అమ్మే ముందు ఒక రోజంతా బల్ల మీద తిప్పి చూస్తాడు. అంతకుముందు ఎన్ని గంటలు తిరిగిందో డిస్కే చెబుతుంది. లెక్క సున్నా అయితే చీటీ అంటించి సంతకం పెడతాడు. ఊరివాళ్లకి కంపెనీ ముద్ర కంటే ఆ సంతకం మీదే గురి. పాత డిస్కు తెస్తే, అందులోని సంగతులు పరుల చేతిలో పడకుండా, తెచ్చినవాళ్ల కళ్లముందే డ్రిల్లుతో తూట్లు పొడుస్తాడు.

శరత్కాలంలో ఒక వార్త వచ్చింది. ఎక్కడెక్కడో ఏళ్ల తరబడి వాడేసిన డిస్కులకు గంటల లెక్క చెరిపి, కొత్తవని అమ్ముతున్నారట. లోపల ఇంకో లెక్క ఉంటుందట, దాన్ని మాత్రం చెరపలేదట. సీట్సె ఈమధ్య తెప్పించిన సరుకులో అరలో మిగిలిన డిస్కు తీసి ఆ రెండో లెక్క చదివాడు. ఇరవై ఏడు వేల గంటలు. మూడేళ్లు నిద్రలేకుండా తిరిగిన అలసట వెండిరంగు సంచిలో కొత్తగా మెరుస్తోంది.

ఆ సరుకులో అమ్ముడుపోయింది ఒక్కటే. కొన్నది యీక్కె. పంతొమ్మిది వసంతాలపాటు సముద్రపు బురదనేలల్లో మోకాళ్ల మీద కూర్చుని పక్షుల గొంతులు రికార్డు చేసిన మనిషి. అవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాక, ఆమె పాత డిస్కుకి తూట్లు పొడిచింది సీట్సే.

కొట్టు మూసి సైకిలెక్కాడు.

"ఆరు కాకుండానే మూశావా? ఎవరు పోయారు?" అంది యీక్కె తలుపు తీస్తూ.

"ఇంకా ఎవరూ పోలేదు. డిస్కు ఎక్కడుంది?"

"టక్కుటక్కుమంటోంది. కొత్తది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నా."

సీట్సె తనతో తెచ్చిన మరో డిస్కులోకి నకలు మొదలుపెట్టాడు. రాత్రయ్యేసరికి పదకొండు వసంతాలు ఇవతలికొచ్చాయి. ఆ తర్వాత డిస్కు చిన్నగా గీరుకుని ఆగిపోయింది. కిటికీ బయట పోటు నీరు నిశ్శబ్దంగా ఎక్కుతోంది.

సీట్సె జేబులోంచి ఫిర్యాదు ఫారం తీసి బల్ల మీద పెట్టాడు: "ఫిర్యాదు రాయండి. నా మీద."

"నీకు అమ్మినవాడి మీద రాస్తాను."

"మీకు అమ్మింది నేను. చట్టం మొదట నన్నే అడుగుతుంది. నన్ను అడిగితేనే నేను వాణ్ని అడగగలను."

"ముప్పై ఏళ్లు మంచివాడివి అనిపించుకుని, ఇప్పుడు నా చేత్తో రాయించుకుంటావా?"

"మీ దస్తూరీ బాగుంటుంది."

ఆమె నవ్వలేదు. కాగితం ముందుకు లాక్కుని అమ్మినవారి గడిలో అతని పేరు రాసింది. నష్టపోయిన వస్తువు అన్న గడి దగ్గర కలం ఆగింది.

"డిస్కు అని రాయండి," అన్నాడు.

ఎనిమిది వసంతాలు, అని రాసింది.