ఆమెన్ లోపు ప్యాంటు

పరువు సంపాదించడానికి ఏళ్ళు పడుతుందంటారు. పోవడానికి ఎంత పడుతుందో నన్నడగండి. నాది పోవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒక మట్టిగుంట సరిపోయాయి.

అప్పుడు నేను రేపల్లెలో ఒక ప్రైవేటు బడిలో కొత్తగా చేరిన లెక్కల మాస్టార్ని. హెడ్‌మిస్ట్రెస్ ఎస్తేరమ్మ గారు. ఆవిడ వరండాలో నడిస్తే ఫ్యాన్లు కూడా చప్పుడు తగ్గించుకునేవి. నన్ను ఉంచాలో పంపెయ్యాలో సోమవారం చెబుతానన్నారు. శనివారం అసెంబ్లీలో పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమంటే, నేను రెచ్చిపోయి, "గుంటల్లో ఈతకెళ్ళినవాడి వీపు చీరేస్తా!" అని మైకు అదిరేలా అరిచాను.

మర్నాడు తెనాలి నుంచి బండి మీద వస్తున్నాను. వెనకాల మా పిన్ని కొడుకు చిట్టిబాబు. అమృతలూరు దాటాక మా పాత గుంట కనబడింది. ఇటుక బట్టీవాళ్ళు మట్టి తవ్వుకుపోగా నీళ్ళు నిండిన గుంట. చిన్నప్పుడు మా ఈతంతా అందులోనే, ఒంటిమీద నూలుపోగు లేకుండా. సిగ్గులేక కాదండీ. తడి నిక్కరుతో ఇంటికెళితే అమ్మకు సాక్ష్యం దొరికిపోయేది. పెద్దయ్యాక బాపట్ల సముద్రంలో బట్టలతో మునిగి చూశాం గానీ ఆ సుఖం మళ్ళీ రాలేదు.

"ఒక్క మునకేద్దాం అన్నయ్యా," అన్నాడు చిట్టిబాబు.

"మాస్టార్నిరా ఇప్పుడు!"

"ఆ సంగతి గుంటకేం తెలుసు?"

నిజమే కదా అనిపించింది. గట్టు మీద తుమ్మచెట్టు వెనక బండి పెట్టి, బట్టలన్నీ దాని మీద పడేశాం. చూస్తే గుంటలోకి చక్కగా మెట్లు తవ్వి ఉన్నాయి. నడుం లోతులో కర్ర పాతి తాడు కట్టి ఉంది. "ఎవరో పుణ్యాత్ములు ఈతగాళ్ళ కోసం చేయించారు," అనుకుంటూ దిగాను. మాది లూథరన్ కుటుంబం. మాకు ఉయ్యాల్లో ఉండగానే నెత్తిన నాలుగు చుక్కలు చిలకరిస్తే బాప్తిస్మం అయిపోతుంది. నీళ్ళలో నిలువునా ముంచి బాప్తిస్మమిచ్చే సంఘాలవాళ్ళకు మెట్లూ తాడూ కావాలన్న ఆలోచన నా బుర్రకు రాలేదు.

కాసేపటికి ఆటోలు ఆగాయి. తెల్లబట్టల్లో జనం దిగారు, పాట అందుకున్నారు. ముందు పాస్టరు గారు. ఆయన పక్కనే గొడుగు వేసుకుని ఎస్తేరమ్మ గారు!

ఇద్దరం ఓ మూల జమ్ము గడ్డిలోకి దూరి మెడదాకా నీళ్ళలో కూర్చున్నాం. నిండా మునిగినవాడికి చలేంటంటారు. మెడదాకా మునిగినవాడి సంగతి మాత్రం ఏ సామెతా చెప్పదు. మాకూ మా బట్టలకూ మధ్య సంఘమంతా నిలబడి ఉంది.

"ఆ జమ్ములో ఏంటది, కదుల్తోంది?" అన్నారు పాస్టరు గారు.

"గేదేమోనండి అయ్యగారూ," అన్నాడొకాయన.

"తోలెయ్యండి, నీళ్ళు బురద చేసేస్తది."

ఓ మట్టిపెళ్ల వచ్చి నా నెత్తిన పగిలింది.

"అన్నయ్యా, గేదెలా అరువు!"

"ఎలా అరుస్తుందిరా?"

"మాస్టారివి, నీకు తెలీదా?"

"లెక్కల మాస్టార్నిరా!"

రెండో పెళ్ల చిట్టిబాబుకు తగిలింది. వాడు అరిచిన అరుపు ఏ జంతువుదో నాకు ఇప్పటికీ తెలియదు. గట్టు మీద మాత్రం, "గేదే," అని తేల్చేశారు. ఒకాయన కర్ర పుచ్చుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు. నా ఉద్యోగం ఆ కర్ర చివర వేలాడుతోంది. ఆయన ఇంకొక్క మెట్టు దిగితే నేను దొరికిపోతాను.

"ముందు ప్రార్థన చేద్దాం, అందరూ కళ్ళు మూసుకోండి," అన్నారు పాస్టరు గారు. కర్ర ఆగింది.

"ఇప్పుడే!" అన్నాడు చిట్టిబాబు.

"మధ్యలో ఆమెన్ అంటేనో?"

"అయ్యగార్ల ప్రార్థన అంత తొందరగా అవ్వదులే, పద!"

పరిగెత్తాం. ముళ్ళు గుచ్చుకున్నాయి, జారిపడ్డాను, నోరు మూసుకుని లేచాను. వంచిన తలల వెనకనుంచి, ఊపిరి బిగబట్టి, తుమ్మచెట్టు చేరాను. తడి కాళ్ళకు ప్యాంటు ఎక్కదు. ఒక కాలు దూరింది, రెండోది ఇరుక్కుంది. పాస్టరు గారి గొంతు పెరుగుతోంది. జిప్పు పైకి లాగాను.

"ఆమెన్!" అంది సంఘం. నా అంత మనస్ఫూర్తిగా ఎవరూ అనుండరు. బండిని చప్పుడు కాకుండా తోసుకుంటూ రోడ్డెక్కాం.

సోమవారం ఎస్తేరమ్మ గారు గదికి పిలిచారు. "నిన్న ఎక్కడున్నారు మాస్టారూ?"

"ఇంట్లోనేనండి. పేపర్లు దిద్దుకుంటున్నానండి."

ఆవిడ నా కాగితం మీద సంతకం పెట్టారు. "సరే. మీ ఉద్యోగం ఖాయం."

గాల్లో తేలుతూ తలుపుదాకా వెళ్ళాను.

"ఒక్క మాట. అసెంబ్లీలో ప్రార్థనప్పుడు మీరు కళ్ళు మూసుకుంటారా?"

"లేదండి," అన్నాను గర్వంగా. "మూసుకుంటే వెనక వరసవాళ్ళు గిల్లుకుంటారండి."

"నేనూ అంతేనండి. ఇన్నేళ్ళ అలవాటు. బళ్ళోనే కాదు, ఎక్కడైనా సరే కళ్ళు మూతపడవు." ఆవిడ ఫైలు తెరిచారు. "ఈసారి పిల్లల్ని బెదిరించేటప్పుడు వీపుల ఊసెత్తకండి మాస్టారూ. నవ్వాపుకోలేను."

ఆ తలుపు దగ్గరే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో బకెట్ నీళ్ళు పోసుకున్నా తువ్వాలు చేతికందేంత దూరంలోనే ఉంటుంది. ఎవరు ప్రార్థన చేద్దామన్నా, ముందు ఎస్తేరమ్మ గారు ఎటు తిరిగి నిలబడ్డారో చూసుకున్నాకే కళ్ళు మూస్తాను.